కడుపులో పుండు: ఆసుపత్రి లెక్క, ఊరి లెక్క



తిరుత్తణి, పళ్ళిపట్టు, కే.జీ.కండిగై, అటు నగరి, పుత్తూరు వైపు ఉన్న మనకు ఇంట్లో ఒక భాష, బజారులో ఒక భాష. 1960 ఏప్రిల్ 1న సరిహద్దు గీత మారి తిరుత్తణి తాలూకా చిత్తూరు జిల్లా నుంచి అప్పటి మద్రాసు రాష్ట్రంలోకి వెళ్ళింది. గీత మారినా మాట మారలేదు, తిండి మారలేదు, కడుపునొప్పీ మారలేదు. తెలుగులో కడుపుమంట అంటాం, తమిళంలో వయిత్తెరిచ్చల్ అంటాం. తమాషా ఏమిటంటే, రెండు భాషల్లోనూ ఆ మాటకు అసూయ అనే అర్థం కూడా ఉంది. పక్కవాడి బాగు చూసి పుట్టే మంటకు డాక్టర్ల దగ్గర మందు లేదు. అన్నం తిన్న తరువాతో, తినకముందో నిజంగా కడుపులో పుట్టే మంటకు మాత్రం కారణమూ తెలిసింది, మందూ వచ్చింది. ఈనాటి ప్రసంగం ఆ రెండో మంట గురించి.

ఈ మధ్య ఊళ్ళలో ఒక మాట తరచుగా వినిపిస్తోంది. "ఆసుపత్రికి పోయినవాళ్ళలో సగానికి సగం మందికి కడుపులో క్రిమి ఉందంట" అని. ఆ క్రిమి పేరు హెలికోబాక్టర్ పైలోరై. ఈ మాట విని కొందరు భయపడతారు, కొందరు నవ్వి వదిలేస్తారు. భయమూ పనికిరాదు, నవ్వూ పనికిరాదు. ఆ లెక్కకు అర్థం ఏమిటో తెలుసుకోవాలి. నేను బడిలో పాఠం చెప్పేవాణ్ణి, వైద్యుణ్ణి కాను. అయితే లెక్కను చదవడం ఎలాగో చెప్పడం మా పనే కాబట్టి, ఆ వైపు నుంచి ఈ విషయాన్ని మీ ముందు పెడుతున్నాను.

ముందు కొంచెం వెనక్కి వెళ్దాం. దక్షిణ భారతదేశంలో కడుపుపుండ్లు ఎక్కువ అన్న సంగతి వైద్యులకు చాలా కాలం నుంచి తెలుసు. కన్యాకుమారి దగ్గర నెయ్యూరు అనే ఊళ్ళో ఒక మిషన్ ఆసుపత్రి ఉంది. అక్కడ హోవర్డ్ సోమర్వెల్ అనే ఇంగ్లీషు శస్త్రవైద్యుడు పనిచేశారు. ఈయన 1922లోనూ, 1924లోనూ ఎవరెస్టు శిఖరం ఎక్కబోయిన బృందాల్లో ఉన్న మనిషి. కొండలు చూడడానికి వచ్చి, ఇక్కడి రోగులను చూసి, ఇక్కడే ఉండిపోయారు. చిన్నపేగు మొదట్లో వచ్చే పుండుకు ఆయన లెక్కలేనన్ని ఆపరేషన్లు చేశారు. తరువాత 1949 నుంచి మన పక్కనే ఉన్న వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలలో పాఠాలు చెప్పారు. ఆ రోజుల్లో పుండుకు కారణం ఏమిటని అడిగితే వైద్యులు బియ్యపు అన్నం అనేవారు, మిరపకారం అనేవారు, కర్రపెండలం అనేవారు, పోషకాహారం చాలకపోవడం అనేవారు. తరువాతి తరం వైద్యులు మనసులోని దిగులు అన్నారు, పొగ అన్నారు, కడుపులో ఊరే ఆమ్లం ఎక్కువ కావడం అన్నారు.

ఆమ్లం మాట పూర్తిగా అబద్ధం కాదు. 1970ల చివరి నుంచి ఆమ్లాన్ని తగ్గించే మంచి మాత్రలు వచ్చాయి. పుండు మానేది. కానీ మాత్ర ఆపిన ఏడాదిలోపే చాలామందికి మళ్ళీ తిరగబెట్టేది. పైకప్పు కారుతున్నప్పుడు కింద గిన్నె పెట్టినట్టు ఉండేది ఆ వైద్యం. గిన్నె ఉన్నంతసేపూ ఇల్లు తడవదు. కానీ కప్పులో కంత అలాగే ఉంటుంది.

ఆ కంతను కనిపెట్టినవారు ఆస్ట్రేలియా దేశంలో పెర్త్ నగరపు వైద్యులు ఇద్దరు. రాబిన్ వారెన్ అనే ఆయన పెద్దాసుపత్రిలో సూక్ష్మదర్శిని ముందు కూర్చుని, రోగుల శరీరం నుంచి తీసిన ముక్కలను పరీక్షించేవారు. 1979లో ఒక రోగి కడుపు లోపలి పొర ముక్క మీద ఆయనకు మెలికలు తిరిగిన సూక్ష్మజీవులు కనిపించాయి. కడుపులోని ఆమ్లంలో ఏ సూక్ష్మజీవీ బతకదని అప్పటి పుస్తకాలన్నీ చెప్పేవి. అందువల్ల ఆయన మాట ఎవరూ పట్టించుకోలేదు. 1981లో బారీ మార్షల్ అనే కుర్ర డాక్టరు ఆయనతో కలిశారు. ఇద్దరూ ఎండోస్కోపీకి వరుసగా వచ్చిన 100 మంది రోగులను తీసుకుని పరీక్ష మొదలుపెట్టారు. ఎండోస్కోపీ అంటే నోటి గుండా సన్నని గొట్టం పంపి కడుపు లోపల చూడడం.

కడుపులోంచి తీసిన ముక్కలను గాజు పళ్ళేల్లో పెట్టి సూక్ష్మజీవిని పెంచాలని చూస్తే అది పెరగలేదు. రెండు రోజులు చూసి పారేసేవారు. 1982లో ఈస్టరు సెలవులు వచ్చాయి. ప్రయోగశాలలో ఎవరూ లేక పళ్ళేలు మామూలుకన్నా ఎక్కువ రోజులు అలాగే ఉండిపోయాయి. తిరిగి వచ్చి చూస్తే సూక్ష్మజీవి పెరిగి ఉంది! అది నిదానంగా పెరిగే జాతి. తొందరపడి పారేయడం వల్లనే అంతవరకూ కనిపించలేదు. ఆ 100 మందిలో 58 మంది కడుపుల్లో ఈ మెలికల జీవి కనిపించింది. పుండు ఉన్నవారిలో ఇంచుమించు అందరిలోనూ ఉంది.

అయినా లోకం నమ్మలేదు. "పుండు ఉన్నచోట క్రిమి చేరిందేమో! క్రిమి వల్ల పుండు వచ్చిందని ఏమిటి రుజువు?" అని అడిగారు. అడగవలసిన ప్రశ్నే. 1984లో మార్షల్ తన కడుపును ముందుగా పరీక్ష చేయించుకుని, క్రిమి లేదని తెలుసుకుని, ఆ క్రిమిని పెంచిన ద్రవాన్ని తానే తాగేశారు. కొద్ది రోజుల్లో వాంతులు మొదలయ్యాయి. పది రోజుల తరువాత ఎండోస్కోపీ చేస్తే కడుపు పొర వాచి ఉంది, క్రిమి అక్కడ కాపురం పెట్టి ఉంది. ఇలాంటి పని మరెవరూ చేయకూడదు. కానీ ఆ ఒక్క పనితో వాదం మలుపు తిరిగింది. 2005లో ఆ ఇద్దరికీ వైద్యశాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది. 1994లోనే ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన కాన్సర్ పరిశోధన విభాగం ఈ క్రిమిని మనుషుల్లో కాన్సర్ కలిగించే కారణాల మొదటి జాబితాలో చేర్చింది.

మరి ఆమ్లంలో అది ఎలా బతుకుతుంది? దీని దగ్గర యూరియేజ్ అనే ఎంజైము ఉంది. మన శరీరంలో సహజంగా ఉండే యూరియాను అది అమ్మోనియాగా మారుస్తుంది. అమ్మోనియా క్షారం. ఆమ్లాన్ని క్షారం విరిచేస్తుందని ఎనిమిదో తరగతి పిల్లవాడు కూడా చెబుతాడు. ఈ క్రిమి తన చుట్టూ క్షారాన్ని కప్పుకుని, తోకల్లాంటి పోగులతో ఈదుకుంటూ, కడుపు గోడ మీద ఉండే జిగురు పొరలోకి దూరి కూర్చుంటుంది. అక్కడ ఆమ్లం ఉధృతి తక్కువ. మన శరీరం దాన్ని తరమడానికి ప్రయత్నిస్తుంది, తరమలేదు. ఆ పోరాటంలో కడుపు పొర ఏళ్ళ తరబడి వాచి ఉంటుంది. ఆ వాపు కొందరిలో పుండు అవుతుంది. బహు కొద్దిమందిలో, చాలా ఏళ్ళ తరువాత, కాన్సర్ అవుతుంది.

ఇప్పుడు అసలు లెక్కకు వద్దాం. 2017లో ప్రచురితమైన ఒక ప్రపంచ అంచనా ప్రకారం 2015 నాటికి ఈ క్రిమి ఉన్నవారు సుమారు 440 కోట్ల మంది. అంటే లోకంలో సగానికి పైగా. స్విట్జర్లాండులో నూటికి 19 మంది, నైజీరియాలో నూటికి 88 మంది. మన దేశానికి వేసిన అంచనా నూటికి 63, 64 మంది. ఆ తరువాత వచ్చిన లెక్కలు ప్రపంచం మొత్తం మీద ఇది తగ్గుముఖం పట్టిందని చెబుతున్నాయి.

మన తెలుగువారి లెక్క కూడా ఉంది. 1991లో అచ్చయిన ఒక పరిశోధనలో హైదరాబాదులోని పేద కుటుంబాల వారి రక్తం పరీక్షించారు. చిన్నపిల్లల్లోనే సగానికి పైగా ఈ క్రిమి సోకిన గుర్తులు కనిపించాయి. ఇరవై ఏళ్ళు దాటేసరికి ఇంచుమించు అయిదుగురిలో నలుగురు. తరువాత హైదరాబాదులోనే దక్కన్ వైద్య కళాశాల పరిశోధకులు 500 మంది పెద్దవాళ్ళను పరీక్షించి 2007లో ఫలితాలు ప్రకటించారు. సుమారు 400 మందిలో క్రిమి ఉంది. ఇంకొక సంగతి గమనించండి. బావినీళ్ళు తాగేవారిలో నూటికి తొంభై మందికి పైగా, కుళాయి నీళ్ళు తాగేవారిలో సుమారు నూటికి 75 మంది. నీళ్ళను కాచి, వడగట్టి, శుభ్రంగా వాడుకునే ఇళ్ళలో ఇంకా తక్కువ.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగండి. ఆసుపత్రిలో వంద మందిని పరీక్షిస్తే అరవై మందిలో క్రిమి కనిపించిందనుకోండి. దాని అర్థం ఆ అరవై మంది కడుపునొప్పికీ ఆ క్రిమే కారణమనా? కాదు. ఎందుకంటే ఏ నొప్పీ లేకుండా బస్టాండులో నిలబడి ఉన్న వంద మందిని పరీక్షించినా దాదాపు అంతమందిలో కనిపించవచ్చు. తిరుత్తణి కొండమెట్ల మీద ఆయాసపడుతున్న వంద మందిని ఆపి, "మీరు పొద్దున కాఫీ తాగారా?" అని అడిగితే ఎనభై మంది తాగామంటారు. అంతమాత్రాన కాఫీ వల్ల ఆయాసం వచ్చిందని చెప్పగలమా? ఆయాసం లేనివారిలో ఎంతమంది కాఫీ తాగారో కూడా అడగాలి. రెండు లెక్కలూ పక్కపక్కన పెట్టాకే మాట్లాడాలి.

రెండో జాగ్రత్త. ఆసుపత్రి లెక్కను ఊరి లెక్క అనుకోకూడదు. కంటి శిబిరానికి వచ్చినవారిని చూసి ఊళ్ళో సగం మందికి శుక్లాలు ఉన్నాయంటే ఎలా? చూపు మందగించినవారే కదా శిబిరానికి వస్తారు! అలాగే ఎండోస్కోపీ వరకూ వచ్చినవారు ఏళ్ళ తరబడి బాధపడి వచ్చినవారు. అందులోనూ కొందరు వచ్చేముందే ఆమ్లం తగ్గించే మాత్రలూ, జ్వరానికో దగ్గుకో యాంటీబయాటిక్ మాత్రలూ మింగి ఉంటారు. అవి క్రిమిని కొన్నాళ్ళు అణచివేస్తాయి. అప్పుడు పరీక్షలో అసలు ఉన్న క్రిమి కూడా లేనట్టు కనిపిస్తుంది. అందువల్ల ఆసుపత్రి లెక్క ఒక్కోసారి ఎక్కువ చూపుతుంది, ఒక్కోసారి తక్కువ చూపుతుంది.

మరైతే లెక్క దండగా? కాదు. నొప్పి ఉన్నవారినందరినీ ఒక్క గంపలో వేయకుండా, చిన్నపేగు పుండు ఉన్నవారిని విడిగా తీసి చూస్తే చిత్రం మారిపోతుంది. నొప్పి మాత్రల వల్ల వచ్చిన పుండ్లను పక్కన పెడితే, మిగిలినవారిలో బహు ఎక్కువమందిలో ఈ క్రిమి ఉంటుంది. క్రిమిని తీసేస్తే పుండు మళ్ళీ రావడం చాలా అరుదు. అదీ గట్టి రుజువు. క్రిమి ఉన్న వందమందిలో జీవితకాలంలో పుండు వచ్చేది పది, పదిహేను మందికి. కడుపు కాన్సర్ వచ్చేది ఒకరికో, ఇద్దరికో, మహా అయితే ముగ్గురికో. మిగిలినవారు క్రిమి ఉన్నట్టు కూడా తెలియకుండా బతుకుతారు. ఇందుకే పరీక్షలో క్రిమి ఉందన్నంత మాత్రాన గుండె జారిపోనక్కరలేదు. కానీ మన సరిహద్దు జిల్లాల జనాభాలో ఒకరిద్దరు అన్న మాట కూడా వేల కుటుంబాల మాట అవుతుంది. అది మరచిపోకూడదు.

మా ప్రాంతంలో మరమగ్గాలు ఎక్కువ. పొదటూరుపేట, అమ్మయార్‌కుప్పం వైపు వెళితే వీధి వీధంతా మగ్గాల చప్పుడే. నాకు తెలిసిన ఒక నేతపని ఆయన ఉన్నారు. నలభై అయిదేళ్ళ మనిషి. రాత్రిపూట మగ్గం, తిండికి వేళ లేదు, నిద్ర రాకుండా టీ, నోట్లో పొగాకు. కడుపు మండితే మందులషాపులో గులాబీరంగు మందునీళ్ళు, నడుము నొప్పి పుడితే అదే షాపులో నొప్పిమాత్రలు. ఇలా నాలుగేళ్ళు గడిచాయి. ఒకరోజు మలం తారులాగా నల్లగా పోయింది. వేడి చేసిందనుకున్నారు. మూడో రోజు మగ్గం దగ్గరే కళ్ళు తిరిగి పడిపోయారు. పెద్దాసుపత్రిలో చేర్చి రక్తం ఎక్కించవలసి వచ్చింది. ఎండోస్కోపీలో పుండు కనిపించింది. క్రిమీ ఉంది, నొప్పిమాత్రల ప్రభావమూ ఉంది. రెండూ కలిస్తే ముప్పు ఎక్కువ.

కోలుకుని ఇంటికి వచ్చాక ఆయన నన్ను పిలిచి గొంతు తగ్గించి అడిగింది ఒక్కటే: "ఏం సారూ, నా కడుపులో పురుగు ఉండాదంట. నా తట్టా లోటా వేరుగా పెట్టమంటారా? కోడలు బిడ్డను నా దగ్గరికి పంపించడం లేదు." ఆయన భార్య పక్కనుంచి, "పురుగంటే నులిపురుగులాంటిదా సార్, ఒక మాత్రకు పోదా?" అంది. ఆ ఇద్దరి ప్రశ్నలకూ జవాబు అందరికీ ఉపయోగపడుతుంది కాబట్టి ఇక్కడ చెబుతాను.

ఇది కంటికి కనిపించే నులిపురుగు కాదు, ఏలికపాము కాదు. బడిలో పిల్లలకు పంచే నులిపురుగుల మాత్రకు ఇది పోదు. దీని మందు వేరు. ఇక తట్ట వేరు చేయడం గురించి. ఈ క్రిమి ఎక్కువగా చిన్నతనంలోనే సోకుతుంది, చాలావరకు సొంత ఇంట్లోనే. నోటి నుంచి నోటికి, లేదా మలం నుంచి చేతుల ద్వారా, నీటి ద్వారా నోటికి చేరుతుంది. కాబట్టి ఆ ఇంట్లో ఒక్కరికి ఉందని తెలిసేనాటికి మిగతా పెద్దవాళ్ళలో కూడా చాలామందికి ఎప్పుడో సోకే ఉంటుంది. తాతను వేరుగా కూర్చోబెట్టి సాధించేదేమీ లేదు, ఆయన మనసు నొప్పించడం తప్ప. చేయవలసినవి వేరే ఉన్నాయి. పసిబిడ్డకు అన్నం నమిలి పెట్టే అలవాటు మనలో కొన్ని ఇళ్ళలో ఉంది. ప్రేమతో చేసే పనే, కానీ మానాలి. పిల్లల పాలపీకను పెద్దలు నోట్లో పెట్టుకుని శుభ్రం చేయడం మానాలి. దొడ్డికి వెళ్ళి వచ్చాక, వంటకు ముందు, తినే ముందు సబ్బుతో చేతులు కడగాలి. తాగేనీరు కాచి చల్లార్చుకోవాలి. బావికీ, బోరుకూ దగ్గరలో మురుగు నిలవకుండా చూసుకోవాలి. ఇవి ఒక్క ఈ క్రిమికే కాదు, కామెర్లకూ, టైఫాయిడ్‌కూ, విరేచనాలకూ కూడా అడ్డుకట్ట.

మిరపకారం సంగతి చాలామంది అడుగుతారు. కారం పుండును పుట్టించదు. ఉన్న పుండు మీద పడితే మంట పెంచవచ్చు. ఎవరికి ఏది పడదో వారు దాన్ని తగ్గించుకుంటే చాలు. కానీ ఉప్పులో ఊరవేసిన పచ్చళ్ళూ, ఎండుచేపలూ రోజూ ఎక్కువగా తినేవారికి, ఈ క్రిమి కూడా ఉంటే, కడుపు కాన్సర్ ప్రమాదం పెరుగుతుందని పరిశోధనలు చెబుతున్నాయి. పచ్చడి వదిలెయ్యమని ఏ తెలుగువాడికీ నేను చెప్పలేను. అన్నంలో సగం పచ్చడే కాకుండా, పక్కన కూరా పండూ ఉండేలా చూసుకోమంటాను. పొగాకు మాత్రం వదిలెయ్యమనే చెబుతాను. అది పుండును మాననివ్వదు.

క్రిమి ఉందో లేదో ఎలా తెలుస్తుంది? నాలుగు మార్గాలున్నాయి. మొదటిది ఎండోస్కోపీలో చిన్న ముక్క తీసి పరీక్షించడం. ఆ ముక్కను యూరియా కలిపిన రంగుమందులో పెడతారు. క్రిమి ఉంటే యూరియాను అమ్మోనియాగా మారుస్తుంది, పసుపురంగు గులాబీరంగు అవుతుంది. మన ఆడవాళ్ళు హారతి నీళ్ళు కలిపేటప్పుడు పసుపునీళ్ళలో సున్నం వేస్తే ఎర్రబడుతుంది చూడండి, ఆ సూత్రమే ఇది. రెండోది శ్వాస పరీక్ష. గుర్తు పెట్టిన యూరియాను మింగించి, కొంతసేపటికి ఊపిరిని ఒక సంచిలో ఊదిస్తారు. మూడోది మలపరీక్ష. నాలుగోది రక్తపరీక్ష. రక్తపరీక్షకు ఒక లోపం ఉంది. క్రిమి పోయిన తరువాత కూడా చాలా నెలలు, ఒక్కోసారి ఏళ్ళు, రక్తంలో దాని గుర్తులు మిగిలి ఉంటాయి. ఇంటి నుంచి దొంగ వెళ్ళిపోయినా వాకిట్లో అడుగుజాడలు ఉన్నట్టు. అందువల్ల మందు వాడాక నయమైందా లేదా అని తేల్చడానికి రక్తపరీక్ష పనికిరాదు. శ్వాస, మల పరీక్షలకు వెళ్ళేముందు ఆమ్లం తగ్గించే మాత్రలు రెండు వారాలు, యాంటీబయాటిక్ మందులు నాలుగు వారాలు ఆపి ఉండాలి. అయితే ఏది ఆపాలో డాక్టరును అడిగే ఆపాలి.

అందరూ పరీక్ష చేయించుకోవాలా? అక్కరలేదు. పుండు ఉన్నవారు, పూర్వం పుండు వచ్చినవారు, తల్లికో తండ్రికో తోబుట్టువుకో కడుపు కాన్సర్ వచ్చినవారు, గుండెజబ్బుకో కీళ్ళనొప్పులకో చాలాకాలం ఆస్పిరిన్, నొప్పిమాత్రలు వాడవలసినవారు డాక్టరుతో మాట్లాడాలి. ఇంకొక వర్గం ఉంది. ఎన్ని ఇనుము మాత్రలు మింగినా రక్తం పట్టని ఆడవాళ్ళు. ఈ క్రిమి వల్ల ఇనుము సరిగా ఒంటికి పట్టకపోవచ్చు. వేరే కారణం దొరకనప్పుడు దీన్ని కూడా చూడమని వైద్య మార్గదర్శకాలు చెబుతున్నాయి. మన ఊళ్ళలో "ఆమెకు ఎప్పుడూ నీరసమే" అని వదిలేసిన అక్కలు, వదినలు ఎంతమంది లేరు!

ఇక మందు. ఒక్క మాత్రతో పోయే క్రిమి కాదని చెప్పాను. ఆమ్లం తగ్గించే మాత్ర ఒకటి, దానితో రెండు రకాల యాంటీబయాటిక్ మందులు, ఒక్కోసారి బిస్మత్ అనే మందు కూడా కలిపి, సాధారణంగా 14 రోజులు ఇస్తారు. కష్టమంతా ఇక్కడే. మూడో రోజుకు నోరు చేదవుతుంది, ఇనుప ముక్క చప్పరించినట్టు ఉంటుంది. వికారం, విరేచనాలు రావచ్చు. అయిదో రోజుకు కడుపుమంట తగ్గుతుంది. "తగ్గింది కదా, మిగతా మాత్రలు దాచుకుందాం, మళ్ళీ వస్తే వేసుకోవచ్చు" అనుకుంటాం. అదే పొరపాటు. సగంలో ఆపితే బలహీనమైన క్రిములు చస్తాయి, మొండివి మిగులుతాయి. అవి ఆ మందుకు అలవాటుపడతాయి. పొలంలో కలుపును వేళ్ళతో పీకకుండా పైపైన కోసి వదిలేసినట్టే. మన దేశంలో ఇప్పటికే ఈ క్రిమి కొన్ని మందులకు లొంగడం లేదు. చిన్న జలుబుకు కూడా షాపులో అడిగి యాంటీబయాటిక్ మాత్రలు కొని మింగడం దానికి ఒక ముఖ్యకారణం. మందు పడకపోతే డాక్టరు దగ్గరకు వెళ్ళి చెప్పండి, వేరేది రాస్తారు. మీరుగా ఆపకండి. ఈ మందుల్లో మెట్రోనిడజోల్ ఉంటే ఆ రోజుల్లో సారాయి, బ్రాందీ ముట్టకూడదు. మందు పూర్తయిన నాలుగు వారాల తరువాత శ్వాసపరీక్షో, మలపరీక్షో చేయించి క్రిమి పోయిందని రూఢి చేసుకోవాలి. నొప్పి తగ్గడం వేరు, క్రిమి పోవడం వేరు.

కొన్ని గుర్తులు కనిపిస్తే పరీక్ష మాట తరువాత, ముందు ఆసుపత్రికి పరుగెత్తాలి. రక్తం గానీ, కాఫీపొడి లాంటిది గానీ వాంతి కావడం. మలం తారులాగా నల్లగా, జిగటగా, దుర్వాసనతో పోవడం. కడుపు ఒక్కసారిగా కత్తితో పొడిచినట్టు నొప్పి పుట్టి బండలా బిగుసుకుపోవడం. ఇవి రాత్రయినా తెల్లవారేదాకా ఆగకూడనివి. ఇనుము మాత్రలూ, బిస్మత్ వాడేవారికి కూడా మలం నల్లబడుతుంది, దానికి కంగారు అక్కరలేదు. కానీ జిగటగా ఉండి, కళ్ళు తిరుగుతుంటే, చెమటలు పడుతుంటే అది రక్తమే అనుకుని బయలుదేరాలి. మింగుడు పడకపోవడం, కారణం లేకుండా బరువు తగ్గిపోవడం, రెండు ముద్దలకే కడుపు నిండినట్టు ఉండడం, యాభై దాటాక కొత్తగా కడుపునొప్పి మొదలుకావడం, వీటిని కూడా "గ్యాసు" అని తోసెయ్యకుండా వెంటనే చూపించుకోవాలి. కడుపు కాన్సర్‌ను తొలిదశలో పట్టుకుంటే బతుకు నిలుస్తుంది. ఆలస్యమైతే ఎంత పెద్ద ఆసుపత్రి అయినా చేయగలిగింది తక్కువ.

వసతుల సంగతికి వస్తే మనం మరీ దిక్కులేనివాళ్ళం కాము. ఇటు తిరువళ్ళూరులో ప్రభుత్వ వైద్యకళాశాల 2022లో మొదలైంది. ఒకవైపు చెన్నై, ఒకవైపు వేలూరు, ఇంకొకవైపు తిరుపతి. ఏ దిక్కుకు బస్సు ఎక్కినా పెద్దాసుపత్రి ఉంది. వెళ్ళేటప్పుడు అంతవరకూ వాడిన మాత్రల అట్టలన్నీ, పాత చీటీలన్నీ ఒక సంచిలో వేసుకుని వెళ్ళండి. ముఖ్యంగా నొప్పిమాత్రలు వాడి ఉంటే దాచకుండా చెప్పండి. భాష గురించి జంకవద్దు. తెలుగులో చెప్పినా, తమిళంలో చెప్పినా, వేలుపెట్టి చూపించినా వైద్యుడికి కావలసింది మూడే: నొప్పి ఎక్కడ, ఎప్పటి నుంచి, తింటే పెరుగుతుందా తగ్గుతుందా.

చివరగా ఒక మాట. నూటికి అరవై అన్న లెక్కను చూసి "అందరికీ ఉన్నదే కదా" అని ఊరుకుంటే, ఆ అరవైలో పుండుతో రక్తం కారుతున్న మనిషిని మనం చూడలేకపోతాం. "అందరికీ ప్రమాదమే" అని హడలిపోతే, ఏ బాధా లేనివారు అనవసరంగా మందులు మింగి, రేపు నిజంగా అవసరమైనవారికి ఆ మందు పనిచేయకుండా చేస్తారు. లెక్కలో మన స్థానం ఎక్కడో డాక్టరు చేత తేల్చుకుని, మందు ఇస్తే 14 రోజులూ వాడి, పోయిందని పరీక్షలో చూసుకోవడమే సరైన దారి. స్విట్జర్లాండులో నూటికి 19, మనకు 63 అన్న తేడా రక్తంలో పుట్టింది కాదు. ఇంటికి మంచినీరు, వీధికి మురుగుకాలువ, బిడ్డ చేతికి సబ్బు ఉన్నచోట ఈ క్రిమి తరం తరానికీ తగ్గుతూ వచ్చింది. మన పెద్దలకు ఇది తెలియక వచ్చింది. ఇప్పుడు బడికి వచ్చే పిల్లలకు ఇది రాకుండా చేయడం మన ఇళ్ళలో, మన బడుల్లో, మన పంచాయతీల్లో ఉంది.